కాటుక కుదురుగా ఉండదు: ఒక నల్లటి దేశీ కుక్కను ఫొటో తీసిన కేసు

కాటుక ఏడాదిన్నర వయసున్న ఆడ కుక్క. మన వీధుల్లో తిరిగే దేశీ జాతే. ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద చిన్న తెల్ల మచ్చ, ముందుకాళ్ళ వేళ్ళు తెలుపు. ఉండేది విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, మూడో అంతస్తు ఫ్లాట్‌లో. వానాకాలంలో సెల్లార్‌లో తడుస్తూ దొరికిన కూనను ఆ ఇంటి అమ్మాయి పైకి తెచ్చుకుంది. ఇప్పుడు ఇంట్లో అందరి పనులూ దాని వేళల ప్రకారమే నడుస్తాయి.

పెంపుడు జంతువుల ఫొటోలు తీయడం నా వృత్తి. వాళ్ళు నన్ను పిలిచింది రెండు ఫొటోల కోసం. కాటుక పరిగెడుతున్నది ఒకటి, హాల్లో గోడకు పెద్దగా పెట్టుకోవడానికి. తాతగారితో కలిసి ఉన్నది ఇంకొకటి, ఆయన గదికి. అప్పటిదాకా తీసిన ఫొటోలు చూపించమంటే అమ్మాయి ఫోను చేతికిచ్చింది. గ్యాలరీ నిండా కాటుకే. సోఫా పక్కన ఒక నల్లటి మరక, చీకట్లో వెలిగే రెండు ఆకుపచ్చ చుక్కలు, ఫ్రేమ్‌లోంచి బయటికి పోతున్న తోక. "ఒక్క సెకను కుదురుగా ఉండదు బాబూ, దీని ఫొటో ఎవరివల్ల అవుతుంది?" అన్నారు వాళ్ళమ్మగారు.

ఆ ఫొటోలు పాడవడానికి కాటుక హుషారు ఒక్కటే కారణం కాదు. రాత్రిపూట ట్యూబ్‌లైటు వెలుతురులో ఫోను సెకనులో 30వ వంతో 50వ వంతో షట్టర్ తెరిచి ఉంచుతుంది. అంతసేపట్లో కుక్క తల తిప్పితే చాలు, మొహం చెదిరిపోతుంది. ఫ్లాష్ వేస్తే కంటి లోపల వెనకవైపు ఉండే మెరుపు పొర ఆ వెలుతురును తిప్పికొడుతుంది. ఆకుపచ్చ చుక్కలు అవే. ఇక అన్నీ నిలబడి కిందికి చూస్తూ తీసినవే కాబట్టి నుదురు పెద్దగా, కాళ్ళు పొట్టిగా వచ్చాయి. ఈ మూడూ సరిచేసుకోవలసింది మనుషులే. కుక్కలకు సంబంధించి ఎక్కువ ఇళ్ళలో నేను చూసేది ఇదే: వెలుతురు తప్పును, ఎత్తు తప్పును కూడా అల్లరి ఖాతాలో వేస్తారు.

కెమెరా పక్కన పెట్టి చూసింది

మొదటి సాయంత్రం నేను ఫొటోలు తీయను. ఇంటివాళ్ళకు ముందే చెబుతాను. హాల్లో నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంటాను, కుక్కను పిలవను, కళ్ళలోకి నేరుగా చూడను. అదే వచ్చి వాసన చూసుకుంటుంది. కాటుక ముందు నా బ్యాగు చూసింది, తర్వాత చెప్పులు, తర్వాత చెయ్యి. కెమెరాను నేల మీదే పెట్టి దాన్ని కూడా చూడనిచ్చాను. షట్టర్ ఒకసారి నొక్కడం, వెంటనే ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టడం. కాసేపటికి క్లిక్‌మన్న శబ్దానికి అది నోరు తడుపుకుంటూ నా వైపు వచ్చింది. ఆ మాత్రం స్నేహం కుదరకుండా బయటికి తీసుకెళ్ళి ప్రయోజనం లేదు.

లెన్స్ ముందుభాగం కుక్కకు పెద్ద కన్నులా కనబడుతుంది. కళ్ళార్పకుండా చూడటం వాటి భాషలో సవాలు. అందుకే కొన్ని కుక్కలు కెమెరా ఎత్తగానే మొహం పక్కకు తిప్పుతాయి, తిండి ఏమీ లేకపోయినా పెదాలు నాకుతాయి, నిద్ర రాకపోయినా ఆవలిస్తాయి, కంటి తెల్లగుడ్డు ఒక వైపు నెలవంకలా బయటపడుతుంది. ఇందులో ఏది కనబడినా నేను కెమెరా దించేస్తాను. భయపడుతున్న కుక్క మొహం ఎంత స్పష్టంగా వచ్చినా ఇంటివాళ్ళకు అది తమ కుక్కలా అనిపించదు.

చీకటి పడే వేళకు కాటుక పిచ్చి పరుగు మొదలుపెట్టింది. సోఫా ఎక్కి దిగడం, బాల్కనీ దాకా దూకుడు, అక్కడ జారుతూ మలుపు, మళ్ళీ హాలు మీదుగా వంటింటి వైపు. ఇంటివాళ్ళకు అది ఎడతెగని కదలికలా కనబడుతుంది. నేలమీద కూర్చుని చూస్తే వేరే కనబడుతుంది. ప్రతి చుట్టులోనూ వంటింటి గుమ్మం దగ్గర అర సెకను ఆగి వెనక్కి చూస్తోంది, ఎవరైనా తరుముతున్నారా అని. బాల్కనీలో తిరిగే ముందు ముందుకాళ్ళు చాపి, నడుము పైకెత్తి వంగుతోంది. ఆటకు పిలిచే వంగుడు అది, కుక్కలన్నిటికీ ఉంటుంది. ఆ భంగిమలో ఒళ్ళంతా బిగుసుకుని ఒక్క క్షణం నిలిచిపోతుంది. ఒళ్ళు విదిలించుకున్న తర్వాత ఇంకొక ఆగుడు. కొత్త శబ్దం వినబడగానే చెవులు నిలబెట్టి ఇంకొకటి.

నా పనంతా ఈ ఆగుళ్ళ మీదే నడుస్తుంది. హుషారైన కుక్క కదలికలో కీళ్ళు ఉంటాయి. ఒక కదలిక అయిపోయి ఇంకొకటి అందుకునే చోట అది తనంతట తానే నిలబడుతుంది. మనం "కూర్చో, కూర్చో" అని నిలబెట్టినప్పుడు వచ్చే మొహం వేరు, అది తన ఆటలో తాను ఆగినప్పుడు వచ్చే మొహం వేరు. రెండోదాంట్లో కాటుక ఉంటుంది. కాబట్టి దాన్ని ఆపే ప్రయత్నం ఇంట్లో ఎవరూ చేయొద్దని అడిగాను. ఇంకొక మాట కూడా అడిగాను: షూట్ రోజు దాని పేరు ఎవరూ ఊరికే పిలవొద్దు. నలుగురూ కలిసి పదేపదే పిలిస్తే పేరుకు విలువ పోతుంది, అసలు కావలసినప్పుడు చెవి కూడా కదపదు.

ఏ తీరం, ఏ వైపు

పరుగుకు సాగర్‌నగర్ బీచ్ ఎంచుకున్నాను. ఆర్‌కే బీచ్‌లో తెల్లవారకముందే నడకకు వచ్చేవాళ్ళ రద్దీ. జాలరిపేట వైపు పడవలు, వలలు, చేపల వాసన. కాటుక ముక్కుకు అది పండగే గానీ నాకు పనవదు. సాగర్‌నగర్ దగ్గర ఇసుక వెడల్పుగా ఉంటుంది, అలలు తడిపి వెళ్ళిన గట్టి ఇసుక మీద కుక్క తిన్నగా పరిగెత్తగలదు.

డిసెంబరు నెల. మన తీరం ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంది, ఆ నెలలో సూర్యుడు కూడా ఆగ్నేయం వైపు జరిగి ఆరుంబావు దాటాక సరిగ్గా సముద్రం మీదే లేస్తాడు. సాయంత్రం ఇంత వీలు ఉండదు. ఎండ ఊరి వైపు నుంచి వస్తుంది, మేడలు, కొండలు దాన్ని తొందరగా మింగేస్తాయి. అందుకే విశాఖలో నా బీచ్ పనులన్నీ పొద్దుటివే.

తీరం వెంట కుక్క ఏ దిక్కుకు పరిగెత్తాలన్నది చాలామంది పట్టించుకోరు. ఈ కేసు సగం గట్టెక్కింది ఆ ఒక్క నిర్ణయంతోనే. నేను కెమెరాతో ఈశాన్యానికి, అంటే రుషికొండ వైపుకు, తిరిగి ఇసుక మీద బోర్లా పడుకుంటే సూర్యుడు నాకు కుడివైపున కాస్త ఎదురుగా ఉంటాడు. అప్పుడు నా వైపు వచ్చే కుక్క మొహం నీడలో పడుతుంది. నల్ల కుక్కకు నీడ మొహమంటే కళ్ళు మాయం. నైరుతికి తిరిగితే సూర్యుడు నా ఎడమ భుజానికి కాస్త వెనకగా వస్తాడు. కాటుక మొహం మీద, సముద్రం వైపున్న కంట్లో వెలుతురు పడుతుంది. వెనకాల కైలాసగిరి పొద్దుటి మంచులో నీలి బూడిద రంగులో పలచగా ఉంటుంది. నల్లటి కుక్క వెనక ముదురు రంగు ఉండకూడదు. సరుగుడు తోపు ముందు నిలబెడితే వీపు గీత చెట్ల నీడలో కలిసిపోతుంది. పలచని కొండ, తడి ఇసుక మీద ఆకాశపు మెరుపు ఉంటే ఒంటి గీత చెవి కొస దాకా విడిగా నిలుస్తుంది.

డిసెంబరు ఎంచుకోవడానికి ఇంకొక కారణం కూడా ఉంది. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో సుమారు వంద గుడ్లు, పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. అటవీశాఖ వాళ్ళు గుడ్లు ఏరి సంరక్షణ కేంద్రాలకు చేరుస్తారు గానీ, అంతకుముందే కుక్కలు తవ్వేస్తే ఎవరూ చేయగలిగింది లేదు. ఆ నెలల్లో కుక్కను ఇసుక మీద వదిలి ఫొటోలు తీసే పని నేను ఒప్పుకోను. ఎవరైనా తీస్తుంటే ఆగి చెబుతాను కూడా.

నలుపుతో లెక్క

కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఏ దృశ్యాన్ని చూసినా దాన్ని మధ్యస్థమైన బూడిద రంగుగా లెక్కకడుతుంది. ఫ్రేమ్ నిండా నల్ల కుక్క ఉంటే "చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచుతుంది. నలుపు బూడిదలా వెలిసిపోతుంది, ఛాతీ మీది తెల్ల మచ్చలో ఒక్క వెంట్రుకా మిగలదు. అదే కుక్క దూరంగా చిన్నగా ఉండి వెనక సముద్రం మెరుస్తుంటే "వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గిస్తుంది. కుక్క నల్ల కాగితం కత్తిరించి అతికించినట్టు వస్తుంది. మన వైపు పరిగెత్తి వచ్చే నల్ల కుక్క విషయంలో ఈ రెండూ ఒకే పరుగులో జరుగుతాయి. మొదట చుక్కంత, చివరికి ఫ్రేమ్ నిండా. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే నాలుగు సెకన్ల బర్స్ట్‌లో, అంటే వరసగా తీసే ఫ్రేముల్లో, వెలుతురు ఉయ్యాలూగుతుంది. మీటరు లెక్కను మనం పెంచి తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ఎంత తిప్పినా ఒక చివర సరిపోతే రెండో చివర చెడుతుంది.

అందుకని షట్టర్ వేగం, అపెర్చర్ (లెన్స్ ద్వారం వెడల్పు), ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే మోతాదు) మూడూ చేత్తోనే పెట్టాను. ఆటో ఐఎస్ఓ కూడా మీటరు మాటే వింటుంది కాబట్టి దాన్నీ వాడలేదు. కాటుక పరిగెత్తబోయే దారిలోనే పొడి ఇసుక మీద స్పాట్ మీటరు (ఒక్క చిన్న చోటునే కొలిచేది) పెట్టి, ఇసుక మధ్యస్థం కంటే ఒక స్టాప్, అంటే రెండింతలు, వెలుతురుగా వచ్చేలా అమర్చాను. తర్వాత కాటుకను అక్కడ నిలబడనిచ్చి ఒక ఫ్రేమ్ తీసి, ఛాతీ మచ్చ తెలుపులో వివరం మిగిలిందో లేదో హిస్టోగ్రామ్‌లో (వెలుగునీడల గ్రాఫ్‌లో) చూసుకున్నాను. తెలుపు నిలిస్తే నలుపు సంగతి తర్వాత రా ఫైల్‌లో (కెమెరా పట్టిన వివరమంతా ఉండే ఫైల్‌లో) చూసుకోవచ్చు. సూర్యుడు లేస్తున్నకొద్దీ వెలుతురు నిమిషాల్లోనే పెరుగుతుంది, అందుకే ప్రతి పరుగుకూ మధ్య మళ్ళీ ఇసుక కొలిచాను. ఐఎస్ఓ 1600 దగ్గర మొదలై 800కు దిగింది.

నల్ల మొహంలో ముదురు గోధుమ రంగు కళ్ళు. ఇది ఫోకస్‌కు కూడా చిక్కే. జంతువుల కన్ను పసిగట్టే ఫోకస్ 2019లో సోనీ కెమెరాల్లోకి వచ్చింది. 2020లో కెనాన్ ఆర్5 కుక్కల్ని, పిల్లుల్ని, పక్షుల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టింది. మా పని నిజంగా తేలికైంది, అందులో సందేహం లేదు. కానీ ఆ ఏర్పాటుకు కూడా కంట్లో ఒక మెరుపు చుక్క కావాలి. అది లేకపోతే నలుపులో నలుపు వెతుక్కుంటూ తెల్ల మచ్చకో, వేలాడే నాలుకకో అతుక్కుంటుంది. నైరుతికి తిరిగి పడుకోవడం వల్ల ఆ మెరుపు దొరికింది. దానికితోడు ఫోకస్ వైశాల్యాన్ని ఫ్రేమ్ మొత్తానికి వదలకుండా మధ్యలో ఒక జోన్‌కు కుదించాను. కాటుక దూరంగా బయలుదేరినప్పుడే దాన్ని అందుకుని, వదలకుండా వెంట తెచ్చుకున్నాను.

పరుగు లెక్కలు

ఇంత పరిమాణంలో ఉన్న చురుకైన కుక్క గంటకు 36 కిలోమీటర్ల వేగం అందుకుందనుకుందాం. అంటే సెకనుకు 10 మీటర్లు. సెకనులో 500వ వంతు షట్టర్‌లో ఒళ్ళు 2 సెంటీమీటర్లు జరుగుతుంది. 2000వ వంతులో అర సెంటీమీటరు. గాలిలో ముందుకు విసిరే కాలి వేగం ఒంటి వేగం కన్నా చాలా ఎక్కువ కాబట్టి కాళ్ళు ఇంకా ఎక్కువ చెదురుతాయి. 1/2000 కన్నా తక్కువకు నేను దిగను. ఎగిరే ఇసుక రేణువులు కూడా విడివిడిగా నిలిచేది అక్కడి నుంచే.

అపెర్చర్ విషయంలో ఎఫ్/2.8 మోజు, అంటే వెనకంతా మసకబార్చే పెద్ద ద్వారం మీద మోజు, వదులుకోవాలి. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్ ఉన్న) కెమెరాలో 200 ఎంఎం లెన్స్‌తో, 5 మీటర్ల దూరంలో ఎఫ్/2.8కు స్పష్టంగా వచ్చే లోతు సుమారు 10 సెంటీమీటర్లు. కాటుక ముక్కు నుంచి కంటికి దాదాపు అంతే దూరం. ఫోకస్ వెంట్రుకవాసి తప్పినా ముక్కు పదునుగా, కళ్ళు మెత్తగా వస్తాయి. ఎఫ్/4కు ఆ లోతు 15 సెంటీమీటర్లు అవుతుంది. వెనకాల కొండ ఎంతో దూరంలో ఉంది, ఎఫ్/4లోనూ అది కరిగిపోయింది. ఇంకొకటి, మెకానికల్ షట్టరే వాడాను. చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ సెన్సార్‌ను వరుసలు వరుసలుగా చదువుతుంది. ఆ లోపు కాలు కదిలిపోయి వంకరగా వస్తుంది.

సెకనుకు 10 ఫ్రేములు తీస్తే, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కుక్క ఒక మీటరు దాటేస్తుంది. కాబట్టి బర్స్ట్ నొక్కి పట్టుకుంటే మంచి భంగిమ తప్పక దొరుకుతుందన్నది భ్రమ. వేగం అందుకున్న కుక్క నాలుగు కాళ్ళూ నేలను వదిలే క్షణాలు ఉంటాయి: కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు, బాగా సాగి దూకినప్పుడు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ గుర్రం పరుగును వరుస కెమెరాలతో తీసి, అది గాల్లో ఉండేది కాళ్ళు ముడుచుకున్నప్పుడని చూపించాడు. అప్పటిదాకా చిత్రకారులు గుర్రాన్ని కాళ్ళు చాపి ఎగురుతున్నట్టే వేసేవాళ్ళు. పక్కనుంచి తీస్తే ముడుచుకున్న భంగిమ చాలా బాగుంటుంది. ఎదురునుంచి అది కాళ్ళు కుప్పపడ్డట్టు కనబడుతుంది. ఎదురు పరుగులో నాకు కావలసింది ఒక ముందుకాలు పూర్తిగా చాచి, చెవులు వెనక్కి ఎగిరి, నోరు తెరిచిన క్షణం. ఆ లయను మొదటి పరుగులో కెమెరా దించి కళ్ళతో చూశాను. తర్వాతి పరుగుల్లో నొక్కి పట్టుకోకుండా లయకు తగ్గట్టు చిన్న చిన్న బర్స్ట్‌లు తీశాను.

ఆ పొద్దున

సూర్యుడు లేవకముందే చేరుకున్నాం. కుక్కను ముందుగా బాగా పరిగెత్తించి అలసిపోయేలా చేస్తే ఫొటోలకు లొంగుతుందని ఒక సలహా తిరుగుతుంటుంది. నేను ఒప్పుకోను. అలసిన కుక్క కళ్ళు వాలిపోతాయి, నాలుక గడ్డం కిందికి జారుతుంది. పరుగు కోసం వచ్చి పరుగును ముందే ఖర్చు పెట్టేసినట్టవుతుంది. దానికి బదులు 15, 20 నిమిషాలు వదులుగా బెల్టు పట్టుకుని, అది ఎటు వాసన చూస్తే అటు నడిపించాం. ముక్కుకు పని దొరికితే కుక్క మనసు నిమ్మళిస్తుంది, కాళ్ళలో సత్తువ మిగిలి ఉంటుంది. కాటుక పీతల కన్నాలన్నీ పలకరించి, ఒళ్ళు విదిలించుకుని తల ఎత్తింది. అప్పుడు మొదలుపెట్టాం.

అమ్మాయి అవతల చివర కాటుకను పట్టుకుని నిలబడింది. వాళ్ళమ్మగారు నా కుడి భుజం వెనక. వంటిల్లు ఆవిడది కాబట్టి కాటుక ఆవిడ పిలిస్తేనే పూర్తి వేగంతో వస్తుంది. చేతిలో నీలం బంతి. కుక్కలకు నీలం, పసుపు బాగా తెలుస్తాయి, ఎరుపు మసకగా మట్టిరంగులో కనబడుతుంది. ఇసుక మీద పసుపు కూడా కలిసిపోతుంది కాబట్టి నీలమే మేలు. నేను బోర్లా పడుకుని లెన్స్‌ను కాటుక కంటి ఎత్తుకు, అంటే నేలకు అర మీటరు లోపుకు దించాను. ఛాతీకి తొడిగే హార్నెస్ వెనకభాగానికి సన్నని 10 మీటర్ల తాడు, చివర ముడి గానీ పిడి గానీ లేకుండా. పక్కనే భీమిలి రోడ్డు ఉంది, ఎంత బుద్ధిమంతురాలైనా తాడు లేకుండా వదలకూడదు. ఎదురుగా పరిగెత్తి వచ్చేటప్పుడు తాడు ఒంటి వెనకే ఈడ్చుకుంటూ వస్తుంది కాబట్టి ఫొటోలో కనబడదు. పక్కనుంచి తీసినప్పుడు కనబడే తాడును తర్వాత చెరిపేయడానికి, కుక్క దాటిపోగానే అదే చోట ఖాళీ ఫ్రేమ్ ఒకటి తీసి పెట్టుకుంటాను.

"కాటుకా, దా!" ఒక్కటే పిలుపు. అది వచ్చిన తీరు చూసి వాళ్ళమ్మగారు చప్పట్లు కొట్టారు. బంతి విసరగానే నా మీదుగా దూకి వెళ్ళింది.

ఒక పరుగు మధ్యలో తోపు వైపు నుంచి బీచ్ కుక్కలు వచ్చాయి. అది వాటి చోటు, కాటుకది కాదు. తాడు మీద కాలు వేసి కాటుకను దగ్గరికి తీసుకున్నాం, అందరం వాటికి పక్కగా తిరిగి ఇసుకలో కూర్చున్నాం, ఎవరూ అరవలేదు, రాయి ఎత్తలేదు. కాసేపు మొరిగి వాటి దారిన అవి పోయాయి. అలా కూర్చున్నప్పుడు కాటుక సముద్రం వైపు చెవులు నిక్కించి చూస్తూ నిలబడింది. దాని ఒంటరి ఫొటోల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఆగుడులో తీసినదే. వెలుతురు మొహం నిండా పడింది, కంట్లో అలల గీత కూడా ఉంది.

పూర్తి వేగపు పరుగులు మూడు నాలుగుకు మించి పెట్టకూడదని నా నియమం. మొదటి పరుగులో ఉన్న కంటి వెలుగు ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. మధ్యమధ్యలో గిన్నెలో మంచినీళ్ళు పెట్టాం. దాహం వేస్తే కుక్క సముద్రపు నీళ్ళు తాగేస్తుంది, ఉప్పు ఎక్కువై వాంతులు, విరేచనాలు అవుతాయి. నాలుక కొస వెడల్పై పారలా వేలాడితే ఒళ్ళు వేడెక్కిందని అర్థం, ఇక ఆపేయాలి. అరచేతి వెనకభాగం ఇసుక మీద కాసేపు ఆనించి పెట్టలేకపోతే కుక్క పాదాలకూ అది వేడే. ఎండ ముదరకముందే సర్దుకున్నాం. ఇంటికెళ్ళాక కాటుక కాళ్ళు, పొట్ట మంచినీళ్ళతో కడగమని చెప్పాను. కెమెరాకూ తడిగుడ్డతో ఉప్పు తుడిచాను. బీచ్‌లో లెన్స్ మాత్రం మార్చనే మార్చను.

తాతగారి కుర్చీ దగ్గర

రెండో ఫొటో గురించి ఇంట్లో అందరికీ అనుమానమే. తాతగారు మెల్లగా కదిలే మనిషి, ఇది చూస్తే ఇలా. కానీ మొదటి సాయంత్రమే ఒకటి గమనించాను. ఆయన బాల్కనీ కిటికీ పక్కన పడక కుర్చీలో పేపరు విప్పగానే కాటుక వచ్చి ఆయన పాదం మీద గడ్డం ఆనిస్తుంది. పేపరు చప్పుడు దానికి పిలుపు. కొత్తగా ఏమీ ఏర్పాటు చేయనక్కర్లేదు.

"నేను నీ వైపు చూడాలా బాబూ?" అని అడిగారు. "అక్కర్లేదు తాతగారూ, మీరు చదువుకోండి" అన్నాను. ఆయన నిజంగానే చదువుకున్నారు.

ఇక్కడి చిక్కు తెల్ల పంచె పక్కన నల్ల కుక్క. కిటికీకి పలచటి తెల్ల కర్టెన్ వేస్తే వెలుతురు మెత్తబడి రెండింటి మధ్య తేడా తగ్గింది. ఎక్స్‌పోజర్ పంచె మడతలు కనబడేలా పెట్టాను. ఆయన మొహం, కాటుక మొహం నాకు ఒకే దూరంలో ఉండేలా పక్కకు జరిగి కూర్చున్నాను. అలా ఉంటే ఎఫ్/4 చాలు, ఇద్దరూ పదునుగా వస్తారు. 35 ఎంఎం లెన్స్, 1/250 షట్టర్. కాటుక పడుకునే ఉంది గానీ కళ్ళు మూస్తోంది. నా జేబులో మూత పెట్టిన చిన్న డబ్బాలో ఎండు నెత్తళ్ళు ఉంటాయి. ఉప్పు వల్ల తినడానికి పెట్టను, వాసనకే. డబ్బా మీద గోటితో ఒక్కసారి తట్టి మూత సందు చేశాను. గడ్డం పాదం మీదే ఉంచి కళ్ళు మాత్రం పైకెత్తి చూసింది. తాతగారు కూడా పేపరు మీదుగా దానివైపు చూసి నవ్వారు. వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్న ఆ ఫ్రేమే గోడకెక్కింది. ఇలాంటి శబ్దాలు ఒకటి రెండు సార్లకు మించి పనిచేయవు. పీకబొమ్మ నొక్కుతూ మొదలుపెట్టేవాళ్ళు చివరికి ఏమీ మిగలకుండా చేసుకుంటారు.

ఎడిటింగ్, ప్రింటు

నల్ల వెంట్రుకలు ఆకాశాన్ని పట్టి చూపిస్తాయి. స్క్రీన్ మీద తెరవగానే కాటుక వీపు నీలంగా ఉంది. ఎడిటింగ్‌లో ఒంటికి మాత్రమే మాస్క్ వేసి, అంటే మార్పు ఆ భాగానికే పడేలా చేసి, నీలం తగ్గించాను. మొత్తం ఫొటోకు వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మారిస్తే ఇసుక పచ్చబడిపోయేది. నీడలు పైకి లాగేటప్పుడు నేను చూసుకునే గుర్తులు రెండు: భుజం దగ్గర వెంట్రుకల వరస కనబడాలి, కంట్లో గోధుమ రంగూ నల్లపాపా విడిగా తెలియాలి. అవి తెలిశాయంటే అక్కడ ఆగాలి. ఇంకా లాగితే కాటుక బూడిద రంగు కుక్క అయిపోతుంది. నాయిస్ (ఫొటోలో వచ్చే చుక్కల గరుకు) తీసేసే సాఫ్ట్‌వేర్‌ను కూడా సగం కన్నా తక్కువలోనే ఉంచాను, ఎక్కువైతే బొచ్చు నున్నగా ప్లాస్టిక్‌లా మారుతుంది.

వాళ్ళకిచ్చిన ఫొటోలు కొన్నే. బర్స్ట్‌లో వచ్చిన వాటిలో ముందు కళ్ళు పదునుగా లేనివి తీసేశాను. తర్వాత కాళ్ళ భంగిమ బాగాలేనివి. మిగిలిన వాటిలో ఒకేలా ఉన్న వాటి నుంచి ఒక్కటే ఉంచాను. ఒకే పరుగు నుంచి పది ఫొటోలిస్తే ఏదీ గోడకెక్కదు.

అమ్మాయి ఫోనుతో తీసుకోవడానికి ఏం చేయాలో కూడా అడిగింది. రాత్రి హాల్లో తీయడం మానేసి, పగలు బాల్కనీ గుమ్మంలో కిటికీ వైపు దాని మొహం ఉండేలా తీయమన్నాను. నేల మీద కూర్చుని లేదా ఫోనును తలకిందులుగా నేలకు ఆనించి పట్టుకుంటే లెన్స్ కుక్క ఎత్తుకు వస్తుంది. దగ్గరికెళ్ళి మామూలు లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బుతుంది, రెండు అడుగులు వెనక్కి జరిగి 2 ఎక్స్ జూమ్ వాడటం మేలు. మొహం మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కాస్త కిందికి లాగితే నలుపు నలుపుగా ఉంటుంది. పరుగైతే బర్స్ట్, ఫ్లాష్ ఎప్పుడూ వద్దు. మబ్బు పట్టిన పగలు నల్ల కుక్కకు అన్నిటికన్నా మంచి వెలుతురు, ఎండలోనైతే మెరిసిపోయే వీపు మీద అప్పుడు వెంట్రుక వెంట్రుకా కనబడుతుంది. వంటింటి గుమ్మం దగ్గర ముందే ఫోకస్ పెట్టుకుని కూర్చుంటే కాటుక అర సెకను ఆగుతుందని కూడా చెప్పాను. ఆ తర్వాతి వారమే ఒకటి తీసి పంపింది, చక్కగా ఉంది.

గోడకు పరుగు ఫొటో 16×24 అంగుళాల్లో వేయించాం, తాతగారిది 12×18లో. పూర్తి మ్యాట్ కాగితం మీద నలుపు పలచబడుతుంది, మరీ నిగనిగలాడేదైతే ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడుతుంది. మధ్యస్థంగా ఉండే లస్టర్ కాగితం తీసుకున్నాం. కాగితానికి స్క్రీన్‌లా సొంత వెలుగు ఉండదు కాబట్టి ముందు చిన్న ప్రింటు వేయించి, వాళ్ళ హాల్లోనే గోడకు ఆనించి చూశాం. వీపు కాస్త ముద్దగా అనిపించింది. నీడలు కొద్దిగా పెంచి పెద్దది వేయించాను. సోఫా వెనక గోడ వాళ్ళు ముందు అనుకున్న చోటు. అక్కడ పొద్దుటి ఎండ నేరుగా పడుతుంది, రంగు వెలుస్తుంది. ఆ చోటు మానిపించి, పక్క గోడకు, కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు మేకు కొట్టించాను.